పాఠ్యభాగం 9: గోథిక్ రొమాన్స్ – డాఫ్నే డ్యు మోరియర్ ‘రెబెకా’ నవలా విమర్శ

పాఠ్యభాగ నిర్మాణక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 గోథిక్ రొమాన్స్: పుట్టుక, పరిణామం
9.3 రచయిత్రి, నవల
9.4 కథాసంగ్రహం
9.5 విమర్శ
9.6 తెరమీద ‘రెబెకా’
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు
9.10 కీలక పదాలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు

• గోథిక్ రొమాన్స్ ప్రధాన లక్షణాలను గుర్తించగలుగుతారు;
• 1764 నుంచి 1938 వరకు ఈ ప్రక్రియలో వచ్చిన మార్పులను వివరించగలుగుతారు;
• ‘రెబెకా’ నవలలో భవనానికీ కథకూ ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు;
• కథ చెప్పే పాత్ర మాటను ఎంతవరకు నమ్మాలో మీ అంతట మీరే అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

ఊరికి దూరంగా ఒక పాత భవనం. దాని చుట్టూ తోటలు, అడవి, ఆ వెనక సముద్రం. యజమాని మధ్యవయస్కుడు, డబ్బున్నవాడు, ఎప్పుడూ ఏదో దిగులులో ఉంటాడు. ఆ ఇంటికి ఒక పేద యువతి వస్తుంది. ఇంట్లో ఒక గది తలుపు ఎప్పుడూ మూసి ఉంటుంది. దాన్ని గురించి అడిగితే పనివాళ్లు మాట మారుస్తారు.

ఇలాంటి కథను మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు, లేదా సినిమాలో చూసే ఉంటారు. ఈ కథలకు ఆంగ్ల సాహిత్యంలో ‘గోథిక్ రొమాన్స్’ అని పేరు. భయం, ప్రేమ, రహస్యం అనే మూడు పోగులతో అల్లిన నవల ఇది. వీటిని కాలక్షేపం పుస్తకాలుగా తీసిపారేసేవారు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఒకే మూసలో పోసినట్టున్న నవలలు ఈ కోవలో వందలకొద్దీ వచ్చాయి. అయితే వాటిలో మేలైనవి పాఠకుణ్ణి భయపెట్టి ఊరుకోవు. ఆ ఇల్లు ఎవరిది, ఆ ఇంట్లో స్త్రీకి ఉన్న చోటేమిటి, దాన్ని నిలుపుకోవడానికి ఆమె దేనికి ఒప్పుకోవలసి వస్తుంది అనే ప్రశ్నలు వేస్తాయి.

ఈ పాఠ్యభాగంలో 1938లో వెలువడిన ‘రెబెకా’ నవలను ఆ ప్రశ్నల వెలుగులో పరిశీలిద్దాం. ముందుగా ఒక సూచన. విమర్శ అంటే కథ తిరిగి చెప్పడం కాదు. కథాసంగ్రహాన్ని ఇక్కడ ఒక్క విభాగానికే పరిమితం చేశాం. మీరు సమాధానాలు రాసేటప్పుడు కూడా ఆ పరిమితిని పాటించండి.

9.2 గోథిక్ రొమాన్స్: పుట్టుక, పరిణామం

‘గోథిక్’ అనేది మొదట గోత్ జాతికి సంబంధించిన మాట. తరవాత మధ్యయుగాల నాటి యూరప్ కోటలు, చర్చీల నిర్మాణ శైలికి ఆ పేరు వచ్చింది. ఆ కోటలే కథాస్థలాలు కావడంతో నవలకూ అదే పేరు స్థిరపడింది.

హోరేస్ వాల్‌పోల్ రాసిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ (1764)ను తొలి గోథిక్ నవలగా పరిగణిస్తారు. అందులో రాజకుమారుడు పెళ్లినాడే ఆకాశం నుంచి ఊడిపడిన పెద్ద శిరస్త్రాణం కింద నలిగి చనిపోతాడు. కోట తన వంశానికి దక్కకుండా పోతుందేమోనన్న భయంతో తండ్రి మాన్‌ఫ్రెడ్, కోడలు కావలసిన ఇసబెల్లాను తానే పెళ్లాడాలని చూస్తాడు. ఆమె సొరంగంలోంచి పారిపోతుంది. శిరస్త్రాణం వింతను పక్కన పెడితే మిగిలేది వారసత్వ సమస్య. ఈ ప్రక్రియ మొదటి పుస్తకంలోనే భయానికి మూలం ఆస్తి అని గమనించండి.

ఆన్ రాడ్‌క్లిఫ్ ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ (1794)లో నాయిక ఎమిలీ కొండల మధ్య కోటలో చిక్కుకుంటుంది. అక్కడ ఒక నల్లటి తెర ఉంది. దాన్ని తొలగించి చూసి ఎమిలీ స్పృహ తప్పుతుంది. అక్కడున్నది మైనపు బొమ్మ అని నవల చివరలో తెలుస్తుంది. దయ్యం అనిపించినదానికి చివర లౌకికమైన కారణం చూపడం రాడ్‌క్లిఫ్ పద్ధతి. అయితే కోట యజమాని మోంటోనీ ఎమిలీని ఆస్తి రాసిమ్మని చేసే ఒత్తిడి మాత్రం నిజమైనదే. దయ్యాలు లేవు గాని దస్తావేజులు ఉన్నాయి.

జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ యాబీ’ (ఆమె మరణానంతరం 1817 చివరలో వెలువడింది) ఈ నవలల మీద హాస్యం. నాయిక కాథరిన్ ఒక పాత బీరువాను గుండె దడతో తెరుస్తుంది. లోపల దొరికేవి చాకలి పద్దులు. అయినా ఆ ఇంటి పెద్ద జనరల్ టిల్నీ, ఆమెకు డబ్బు లేదని తెలిసిన మరుక్షణమే ఆమెను ఇంట్లోంచి పంపించివేస్తాడు. కాథరిన్ ఊహించిన నేరం అతను చేయలేదు. అతనిలో క్రూరత్వం మాత్రం ఉంది.

షార్లట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ (1847)తో ఈ ప్రక్రియ కోటల నుంచి ఇంగ్లండు భవంతుల్లోకి వచ్చింది. థార్న్‌ఫీల్డ్ భవనంలో జేన్ పిల్లకు చదువు చెప్పే ఉద్యోగి. యజమాని రోచెస్టర్‌తో పెళ్లి పీటల దాకా వచ్చాక అతని మొదటి భార్య బెర్తా మూడో అంతస్తులో బందీగా ఉందని బయటపడుతుంది. జేన్ ఆ ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. చిన్నాన్న ఆస్తి దక్కి తన కాళ్లమీద తాను నిలబడ్డాకే తిరిగి వస్తుంది. వివాహిత స్త్రీ తన ఆస్తిని తానే అనుభవించే హక్కు ఇంగ్లండులో 1870, 1882 చట్టాలతో గాని రాలేదు. ఈ సంగతి గుర్తుంటే జేన్ స్వాతంత్ర్యానికి విలువ ఎంతో తెలుస్తుంది.

ఈ నాలుగు నవలల్లోనూ మూసిన తలుపో, తెరో, బీరువానో ఉంది. నాయిక దాన్ని తెరుస్తుంది, లేదా అది తెరుచుకుంటుంది. అందువల్ల ఈ కోవ నవలను చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, తలుపు వెనక ఏముంది? రెండోది, అది చూశాక నాయిక ఏం చేసింది? మొదటి ప్రశ్నకు జవాబు కోసమే పాఠకుడు పేజీలు తిప్పుతాడు. నవల విలువను నిర్ణయించేది మాత్రం రెండో ప్రశ్న.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. తొలి గోథిక్ నవలగా దేన్ని పరిగణిస్తారు?
2. రాడ్‌క్లిఫ్ రహస్యాన్ని విడదీసే పద్ధతి ఏమిటి?
3. థార్న్‌ఫీల్డ్ రహస్యం తెలిశాక జేన్ ఏం చేసింది?

9.3 రచయిత్రి, నవల

డాఫ్నే డ్యు మోరియర్ 1907లో లండన్‌లో జన్మించారు. తండ్రి జెరాల్డ్ డ్యు మోరియర్ పేరున్న రంగస్థల నటుడు. తాత జార్జ్ డ్యు మోరియర్ ‘ట్రిల్బీ’ నవలాకర్త. ఆమె జీవితంలో ఎక్కువ భాగం ఇంగ్లండుకు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో గడిచింది. 1989లో మరణించారు.

కార్న్‌వాల్‌లో ఫోయ్ పట్టణానికి దగ్గరలో మెనబిల్లీ అనే పాత భవనం ఉంది. చెట్ల మధ్య మరుగునపడి ఉన్న ఆ ఇల్లు యువతిగా ఉన్నప్పుడే ఆమెను ఆకట్టుకుంది. ‘రెబెకా’లోని మాండర్లీ భవనానికి అది ఒక ఆధారం. భర్త సైనికాధికారి కావడంతో ఈ నవలలో కొంత భాగాన్ని ఆమె ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉండి రాశారు. ఎడారి వేడిలో కూర్చుని కార్న్‌వాల్ పొగమంచును తలచుకోవడం వల్లనేమో, నవలలోని మాండర్లీ కళ్లెదుట ఉన్న ఇల్లులా కాక, పోగొట్టుకున్న ఇల్లులా కనిపిస్తుంది. నవల వెలువడిన కొన్నేళ్లకు, 1943లో, ఆమె మెనబిల్లీని అద్దెకు తీసుకుని పాతికేళ్లకు పైగా అందులో ఉన్నారు. అంతగా ప్రేమించినా అది ఆమె సొంతిల్లు కాలేదు.

9.4 కథాసంగ్రహం

కథ చెప్పే యువతికి నవలలో పేరు లేదు. డబ్బున్న ఒక అమెరికన్ మహిళకు జీతం మీద తోడుగా ఉంటూ మోంటీ కార్లోలో ఆమె మాక్సిమ్ డి వింటర్‌ను కలుసుకుంటుంది. అతని మొదటి భార్య రెబెకా ఏడాదిలోపే పడవ మునిగి చనిపోయిందని అందరూ అనుకుంటున్నారు. పరిచయమైన కొద్ది వారాలకే అతను ఈమెను పెళ్లి చేసుకుని మాండర్లీకి తీసుకువస్తాడు.

ఆ ఇంట్లో అంతటా రెబెకాయే. బల్లమీద ఆమె చేతిరాత, రుమాలు మీద ఆమె పేరులోని మొదటి అక్షరం, ఆమె ఏర్పరచిన భోజన వేళలు. ఇంటి పెత్తనం చూసే మిసెస్ డాన్వర్స్ చిన్ననాటి నుంచి రెబెకాను సాకినది. పడమటి భాగంలో రెబెకా గదిని ఆమె బతికున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంచుతుంది. మారువేషాల విందుకు గోడమీది చిత్రంలోని దుస్తులు కుట్టించుకోమని కొత్త భార్యకు సలహా ఇస్తుంది. అంతకుముందు విందులో రెబెకా వేసుకున్నది కూడా అవే. ఆ దుస్తుల్లో భార్యను చూసి మాక్సిమ్ మండిపడతాడు. మరునాడు డాన్వర్స్ ఆమెను కిటికీలోంచి దూకమని ప్రేరేపిస్తుంది.

అదే సమయంలో పొగమంచులో ఒక ఓడ తీరానికి కొట్టుకువస్తుంది. దాన్ని చూడటానికి దిగిన గజ ఈతగాడికి సముద్రం అడుగున రెబెకా పడవ, దాని గదిలో ఒక శవం కనిపిస్తాయి. అప్పుడు మాక్సిమ్ తన భార్యకు నిజం చెబుతాడు. రెబెకాను తానే తుపాకితో కాల్చాడు. శవాన్ని పడవలో పెట్టి ముంచాడు. తరవాత వేరొక స్త్రీ శవాన్ని రెబెకాదని చెప్పి ఖననం చేయించాడు.

కరోనర్ విచారణలో అది ఆత్మహత్యగా తేలుతుంది. రెబెకా బంధువు, ప్రియుడు అయిన ఫావెల్ డబ్బు కోసం బెదిరిస్తాడు. రెబెకా చివరిసారి కలిసిన లండన్ డాక్టరు, ఆమెకు నయంకాని క్యాన్సర్ ఉండేదని చెప్పడంతో ఆత్మహత్య వాదనకు బలం చేకూరుతుంది. మాక్సిమ్ బయటపడతాడు. భార్యాభర్తలు రాత్రంతా ప్రయాణించి ఇంటికి చేరువవుతుండగా మాండర్లీ మంటల్లో ఉంటుంది.

9.5 విమర్శ

9.5.1 మూసిన గది, తెరిచిన గది

రెబెకా పడకగదే ఈ నవలలోని రహస్యపు గది అని మొదటిసారి చదివేవారు అనుకుంటారు. అక్కడికి వెళ్లి చూస్తే ఏముంది? దుమ్ము దులిపిన సామాను, పరిచిన పక్క, ఇస్త్రీ చేసిన దుస్తులు. దాచినది ఏదీ లేదు. పైగా డాన్వర్స్ దాన్ని పిలిచి మరీ చూపిస్తుంది. అసలు మూసిన గది ఇంట్లో లేనేలేదు. అది సముద్రం అడుగున, పడవలో ఉంది. డాఫ్నే డ్యు మోరియర్ ఈ ప్రక్రియ నియమాన్ని ఇలా పక్కకు జరిపారు. పాఠకుడు, కథకురాలు పడమటి భాగం మీద దృష్టి పెట్టి, పక్కనే ఉన్న భర్తను గమనించరు.

ఈ ఏర్పాటులో ఒక న్యాయం ఉంది. కథకురాలికి రెబెకా మీద ఉన్నది అసూయ. తాను రాసింది అసూయను గురించిన నవల అని రచయిత్రి కూడా చెప్పుకున్నారు. అసూయ ఉన్నచోట చూపు ఒకే వైపు ఉంటుంది. మాక్సిమ్ మౌనంగా ఉంటే రెబెకాను తలచుకుంటున్నాడని ఈమె అనుకుంటుంది. అతను తీరం వైపు నడవడానికి ఇష్టపడకపోతే దుఃఖమని అనుకుంటుంది. నిజానికి అది భయం. నవలను రెండోసారి చదివితే అతని ప్రతి మౌనం వేరే అర్థం ఇస్తుంది. రెండోసారి చదివితే కొత్త పుస్తకం కావడం ఈ నవలకున్న పెద్ద బలం.

9.5.2 పేరు లేని భార్య

కథకురాలికి పేరు లేకపోవడాన్ని కొందరు వింతగా మాత్రమే చూస్తారు. దాన్ని ఇంటితో కలిపి చూడండి. ఆమెకు పెళ్లితో వచ్చిన పేరు ఒక్కటే, ‘మిసెస్ డి వింటర్’. ఆ పేరు ఆమెకంటే ముందే మరొకరికి ఉంది. ఇంటి టెలిఫోను మోగి అవతలి గొంతు మిసెస్ డి వింటర్ కావాలని అడిగితే, ఆవిడ చనిపోయి ఏడాది అయిందని ఈమె కంగారుగా జవాబిస్తుంది. అవతల మాట్లాడుతున్నది ఇంటి పెత్తనదారు డాన్వర్స్. అడిగింది కొత్త యజమానురాలినే. నవ్వు తెప్పించే ఈ చిన్న సంఘటనలో ఆమె పరిస్థితి అంతా ఉంది. ఆ ఇంట్లో ఆమె ఉండడానికి చోటు ఉంది గాని, ఆమెదంటూ ఒక స్థానం లేదు.

ఒక పింగాణీ బొమ్మ పగలగొట్టి, ముక్కలను సొరుగులో దాచి, పనివాళ్లు ఏమంటారోనని వణికే యజమానురాలు ఆమె. డబ్బు, చదువు, బంధువులు ఏమీ లేని స్త్రీకి అంత పెద్ద ఇంట్లో కలిగే జంకును ఇంత వివరంగా రాసిన నవలలు తక్కువ. పెళ్లి చేసుకుని తెలియని ఇంట్లో అడుగుపెట్టిన వారెవరికైనా ఈ పేజీలు ఆంగ్లేయుల కథలా అనిపించవు.

9.5.3 నేరానికి కారణం

మాక్సిమ్ ఒప్పుకోలును జాగ్రత్తగా చదవండి. పెళ్లయిన 5 రోజులకే రెబెకా తన సంగతి తనకు చెప్పిందని అంటాడు. ఆమెకు ఇతర పురుషులతో సంబంధాలు ఉన్నాయని అతని ఆరోపణ. అలాంటప్పుడు ఎందుకు విడిపోలేదు? భార్య వ్యభిచారం రుజువైతే భర్త విడాకులు పొందే వీలు ఇంగ్లండులో 1857 నుంచీ ఉంది. అతను ఆ దారిన వెళ్లలేదు. వంశం పరువు బజారున పడుతుంది. పైగా రెబెకా ఒక బేరం పెట్టింది. మాండర్లీని దేశమంతా చెప్పుకునే ఇల్లుగా తీర్చిదిద్దుతానని, పదిమంది ముందు ఆదర్శ భార్యగా నటిస్తానని చెప్పింది. అతను ఒప్పుకున్నాడు. కొత్త భార్య అసూయపడిన తోటలు, విందులు, అలంకరణ అన్నీ ఆ బేరం ఫలితాలే.

కాల్పులకు దారితీసిన మాట ఏది? తనకు బిడ్డ పుట్టబోతోందని, ఆ బిడ్డ మాక్సిమ్ పేరుతో పెరిగి మాండర్లీకి యజమాని అవుతుందని రెబెకా అంటుంది. ఇన్నేళ్లూ భరించినవాడు అప్పుడు తుపాకి పేల్చాడు. అతను చంపింది ప్రేమ కోసం కాదు, వారసత్వం కోసం. 1764లో మాన్‌ఫ్రెడ్‌ను వెంటాడిన భయమే 1938లో మాక్సిమ్‌నూ వెంటాడింది. అయితే రెబెకా గర్భవతి కాదని, ఆమెకు బిడ్డలు పుట్టే అవకాశమే లేదని డాక్టరు చెబుతాడు. లేని వారసుడి కోసం హత్య జరిగింది. హత్యకు కారణమైన ఇల్లు చివరకు బూడిదయింది.

9.5.4 రహస్యం తెలిశాక

ఇప్పుడు 9.2లో చెప్పుకున్న రెండో ప్రశ్నకు వద్దాం. భర్త హంతకుడని తెలిసినప్పుడు కథకురాలు ఏం చేసింది? ఆమెకు కలిగింది భయం కాదు, సంతోషం. అతను రెబెకాను ఎన్నడూ ప్రేమించలేదన్న ఒక్క విషయమే ఆమె చెవికెక్కింది. మరునాటి నుంచి ఆమె మారిపోతుంది. భోజనానికి ఏం వండాలో డాన్వర్స్‌కు తానే చెబుతుంది. జంకు పోయింది, ఇంటి యజమానురాలయింది. ఆమె ఎదుగుదలకు మెట్టు భర్త చేసిన హత్య.

జేన్ ఐర్‌తో పోల్చండి. పేద యువతి, వయసు మళ్లుతున్న ధనికుడు, మొదటి భార్య, చివర ఇల్లు తగలబడటం రెండింటిలోనూ ఉన్నాయి. రహస్యం తెలిసిన రాత్రే జేన్ తన దారి తాను చూసుకుంటుంది. మాక్సిమ్ భార్య ఉండిపోతుంది, రహస్యాన్ని తానూ మోస్తుంది. హత్యకు ఉరిశిక్ష ఉన్న రోజులవి. ఆమె ఒక్క మాట అంటే అతని ప్రాణం పోతుంది. ఆమె అనదు.

మరి పాఠకుడు? విచారణ జరుగుతున్నంతసేపు మనం ఎవరి పక్షాన ఉన్నాం? ఫావెల్ బెదిరిస్తే చిరాకు పడతాం. పడవకు చిల్లులు పెట్టిన సంగతి బయటపడితే కంగారు పడతాం. డాక్టరు మాటతో మాక్సిమ్ బయటపడితే ఊపిరి పీల్చుకుంటాం. ఆలోచిస్తే ఫావెల్ ఎంత నీచుడైనా, ఆ గదిలో నిజం చెబుతున్నది అతనొక్కడే. భార్యను కాల్చి చంపిన మనిషి తప్పించుకోవాలని మనం కోరుకున్నాం. ఈ నవలలో నిజంగా భయపెట్టేది ఇదే. దయ్యం పడమటి భాగంలో లేదు. మన సానుభూతి ఎంత తేలిగ్గా చేతులు మారిందో చూసుకుంటే కలిగే భయం అది.

ఇది ఎలా సాధ్యమైంది? రెబెకా గురించి మనకు తెలిసిన చెడు ఎక్కువగా మాక్సిమ్ చెప్పినదే. తీరాన తిరిగే అమాయకుడు బెన్ ఆమెను చూసి భయపడేవాడన్నది నిజం. అందువల్ల మాక్సిమ్ మాటలన్నీ అబద్ధాలని కొట్టివేయలేం. అయితే ముసలితనంలో మతిమరుపు వచ్చిన మాక్సిమ్ నాయనమ్మ కొత్త కోడలి ఎదుటే రెబెకా కావాలని మారాం చేస్తుంది. డాన్వర్స్ ఆమెను ప్రాణంగా ప్రేమించింది. ఈ సాక్ష్యాలు కూడా నవలలోనే ఉన్నాయి. తన కథ తాను చెప్పుకునే అవకాశం లేనిది రెబెకాకు ఒక్కదానికే. అతను చెప్పినదంతా నిజమే అనుకున్నా, అది హత్యకు సమర్థన అవుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

‘జేన్ ఐర్’లో బెర్తాకు ఇలాంటి అన్యాయమే జరిగిందని భావించి జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ (1966) నవలలో ఆమె వైపు కథ రాశారు. శాండ్రా గిల్బర్ట్, సూజన్ గూబర్ ‘ది మ్యాడ్‌విమన్ ఇన్ ది ఆటిక్’ (1979) అనే విమర్శ గ్రంథంలో, బందీ అయిన మొదటి భార్యను నాయిక అణచుకున్న కోపానికి ప్రతిరూపంగా వివరించారు. ‘రెబెకా’ను ఈ దృష్టితో చదివితే, కథకురాలు ద్వేషిస్తున్నట్టు కనిపించే స్త్రీలోనే ఆమెకు కావలసిన ధైర్యం, చొరవ, స్వేచ్ఛ ఉన్నాయని తెలుస్తుంది.

9.5.5 ముగింపు ఎక్కడ ఉంది?

మాండర్లీ మంటలతో నవల ఆగిపోతుంది. ఆ తరవాతి జీవితం మొదటి రెండు అధ్యాయాల్లోనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు దాని బరువు తెలియదు. పుస్తకం ముగించాక మళ్లీ మొదటికి వెళ్లి చూడండి. భార్యాభర్తలు విదేశాల్లో హోటళ్లలో ఉంటున్నారు. ఇంగ్లండు నుంచి వచ్చే పత్రికల్లో క్రికెట్ ఫలితాలు ఆమె అతనికి చదివి వినిపిస్తుంది. పాత సంగతులు గుర్తుచేసే వార్తలు జాగ్రత్తగా దాటవేస్తుంది. నవల మొదట్లో జీతానికి ఒకరికి తోడుగా హోటళ్లలో ఉన్న అమ్మాయి చివరకు మళ్లీ హోటల్లోనే, మరొకరికి తోడుగా ఉంది. తాము సుఖంగా ఉన్నామని ఆమె అంటుంది. ఆ మాటను నమ్మాలో లేదో రచయిత్రి చెప్పరు.

ఇంటికి నిప్పు పెట్టింది ఎవరో కూడా నవల తేల్చదు. అనుమానం డాన్వర్స్ మీదకు పోతుంది. ఎవరు చేసినా న్యాయస్థానం వేయని శిక్ష ఆ మంట వేసింది. మాక్సిమ్ ప్రాణం దక్కింది. ఏ ఇంటి కోసం అతను అన్నిటికీ సిద్ధపడ్డాడో ఆ ఇల్లు దక్కలేదు.

9.5.6 లోపాలు

నవలలో లోపాలు లేకపోలేదు. మారువేషాల విందుకు ముందు ఘట్టాలు కొంత సాగదీసినట్టు ఉంటాయి. కథకురాలి ఊహాగానాలు కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తాయి. అసలు సమయానికి ఓడ తీరానికి రావడం, డాక్టరు దగ్గర అంత అనుకూలమైన సాక్ష్యం దొరకడం యాదృచ్ఛికత మీద ఆధారపడినవి. అన్నిటికంటే పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది. రెబెకాయే చావు కోరి భర్తను రెచ్చగొట్టిందన్న వివరణ నేరభారాన్ని చనిపోయిన స్త్రీ మీదకే నెడుతుంది. ఇది రచయిత్రి అభిప్రాయమా, మాక్సిమ్ తనకు చెప్పుకున్న ఊరటా? విమర్శకులు ఏకాభిప్రాయానికి రాని ఈ విషయంలో మీరు ఏ పక్షం తీసుకున్నా, నవల నుంచి ఆధారం చూపాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

1. ‘రెబెకా’లో నిజమైన మూసిన గది ఏది?
2. మాక్సిమ్ రెబెకాను కాల్చడానికి తక్షణ కారణం ఏమిటి?
3. నవల తరవాతి కథ ఏ అధ్యాయాల్లో ఉంది?

9.6 తెరమీద ‘రెబెకా’

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1940లో ఈ నవలను సినిమాగా తీశారు. జోన్ ఫాంటేన్, లారెన్స్ ఒలివియర్ నటించిన ఈ చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ బహుమతి వచ్చింది. ఇందులో ఒక కీలకమైన మార్పు ఉంది. హంతకుడు శిక్ష పడకుండా తప్పించుకోవడాన్ని అప్పటి హాలీవుడ్ నియమావళి అనుమతించలేదు. అందువల్ల సినిమాలో రెబెకా జారిపడి తలకు దెబ్బ తగిలి చనిపోతుంది. భర్త శవాన్ని దాచాడే గాని చంపలేదు. ఈ మార్పుతో ప్రేక్షకుడి మనసుకు హాయి కలిగింది. నవల పాఠకుణ్ణి నిలబెట్టి అడిగిన ప్రశ్న మాత్రం మాయమైంది. రెండింటినీ పోల్చి చూస్తే నవల బలం ఎక్కడుందో తేటతెల్లమవుతుంది.

హిందీలో దిలీప్ కుమార్, మధుబాల నటించిన ‘సంగ్‌దిల్’ (1952) ‘జేన్ ఐర్’ ఆధారంగా వచ్చింది. బీరెన్ నాగ్ దర్శకత్వంలో వచ్చిన ‘కోహ్రా’ (1964)కు ‘రెబెకా’ ఆధారం. ‘రోజులు మారాయి’ (1955)తో తెలుగువారికి పరిచయమైన వహీదా రెహమాన్ ఇందులో కొత్త భార్యగా, లలితా పవార్ ఇంటి పెత్తనదారుగా నటించారు.

9.7 సారాంశం

గోథిక్ రొమాన్స్ 18వ శతాబ్దిలో కోటలు, వింతలతో మొదలై 19వ శతాబ్దిలో భవంతుల్లోకి, కుటుంబ రహస్యాల్లోకి వచ్చింది. వీటిలో భయం వెనక తరచు ఆస్తి, వారసత్వం ఉంటాయి. ‘రెబెకా’ ఈ సంప్రదాయాన్ని పాటిస్తూనే రహస్యపు గదిని ఇంటి నుంచి సముద్రంలోకి, దోషిని చీకటి నుంచి నాయిక పక్కకు మార్చింది. జేన్ ఐర్ నిజం తెలిసి ఇల్లు విడిచింది. పేరు లేని ఈ నాయిక నిజం తెలిసి ఇంటికి యజమానురాలయింది, తరవాత ఇల్లే పోగొట్టుకుంది. పాఠకుణ్ణి కూడా తెలియకుండా ఆమెతోపాటు నేరంలో భాగస్వామిని చేయడం ఈ నవల సాధించిన విషయం. ఆ సంగతి గుర్తించడం దగ్గరే దీన్ని విమర్శనాత్మకంగా చదవడం మొదలవుతుంది.

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1వ విభాగం: 1. ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ (1764). 2. అతీంద్రియంగా కనిపించినదానికి చివర లౌకిక కారణం చూపడం. 3. ఇల్లు విడిచి వెళ్లింది; ఆస్తి దక్కాక తిరిగి వచ్చింది.

2వ విభాగం: 1. సముద్రంలో మునిగిన పడవలోని గది. 2. ఇతరుడి బిడ్డ మాండర్లీకి వారసుడవుతాడన్న రెబెకా మాట. 3. మొదటి రెండు అధ్యాయాల్లో.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

(అ) కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. ‘రెబెకా’ నవలలో మాండర్లీ భవనం పాత్రను విశ్లేషించండి.
2. రహస్యం తెలిసిన తరవాత జేన్ ఐర్, ‘రెబెకా’ కథకురాలు ప్రవర్తించిన తీరును పోల్చండి.

(ఆ) కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. గోథిక్ రొమాన్స్ లక్షణాలను సోదాహరణంగా పేర్కొనండి.
2. కథకురాలికి పేరు లేకపోవడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.
3. మాక్సిమ్ ఒప్పుకోలును పూర్తిగా నమ్మవచ్చునా? నవలలోని ఆధారాలతో రాయండి.

9.10 కీలక పదాలు

గోథిక్ రొమాన్స్: పాత భవనం నేపథ్యంగా భయం, ప్రేమ, రహస్యం కలిసిన నవలా ప్రక్రియ.
కథకురాలు: నవలలో ‘నేను’ అంటూ కథ చెప్పే స్త్రీ పాత్ర. రచయిత్రి వేరు, కథకురాలు వేరు.
ఎస్టేటు: పెద్ద భవనం, దాని చుట్టూ ఉన్న తోటలు, భూములు కలిసిన వంశపారంపర్య ఆస్తి.
కరోనర్ విచారణ: అనుమానాస్పద మరణానికి కారణం తేల్చడానికి ఇంగ్లండులో జరిపే బహిరంగ విచారణ.